లాంచీ బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం: ముందు మూడు వరుసలు ప్రత్యేక అతిథులకు. మిగతావారు సహకరించ ప్రార్థన.

అవతారిక: పాపికొండలకు గండిపోచమ్మ రేవులో లాంచీ ఎక్కితే పై డెక్కు మీద కనిపించిన వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం తేలింది. అట్టముక్క మీద మార్కరు సిరా ఇంకా ఆరలేదు గనుక ఆ ఉదయమే.

ప్రతిపదార్థం: ముందు = కొండలు రెండు పక్కలా దగ్గరికొచ్చి గోదావరి ఇరుకైపోయే చోటు నిండుగా కనిపించే దిక్కున; మూడు వరుసలు = మొదట రెండే, ఎవరిదో ఫోను వచ్చాక మూడు; ప్రత్యేక = ‘ఎవరి తాలూకు?’ అంటే చెప్పుకోవడానికి ఒక పేరున్న; అతిథులకు = టికెట్టు కొన్నారా అని అడగకూడనివారికి; మిగతావారు = కొన్నవారు; సహకరించ = వెనక ఇంజను మోతలో, డీజిలు పొగలో సర్దుకొమ్మని; ప్రార్థన = ఆజ్ఞ.

తాత్పర్యం: లేవండి.

అలంకారం: ‘ప్రత్యేక’ అన్న విశేషణం సాభిప్రాయం కనుక పరికరం. ఆ అభిప్రాయమేమిటో లాంచీ యజమానికి తెలుసు.

శంక: అందరిదీ ఒకే ధర కదా?
సమాధానం: టికెట్టు గోదావరిని చూడటానికి. ఎక్కడ కూర్చుని చూడాలో దాని మీద రాయలేదు.

విశేషం: ఉప్మా విషయంలోనూ ఈ వాక్యమే ప్రమాణం. ముందు వరుసలకు జీడిపప్పు తేలుతూ వెళ్ళింది. మా దాకా వచ్చేసరికి గిన్నె అడుగు గరిటెతో గీకుతున్న చప్పుడు, నీళ్ళు కలిపిన పచ్చడి. ఒక పెద్దావిడ ‘బాబూ, మాదీ డబ్బే’ అంది. దానికి ఏ వ్యాఖ్యాతా సమాధానం రాయలేదు.

అపవాదం: పేరంటాలపల్లిలో ఈ సూత్రం చెల్లదు. మునివాటం ఆశ్రమంలో మౌనం పాటించాలి, కనుక ‘మేమెవరమో తెలుసా’ అనే వీలు లేదు. కిందికి దిగితే కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురు బుట్టలు పెట్టుకుని కూర్చుంటారు. ధర అందరికీ ఒకటే. గీచి గీచి బేరమాడింది మాత్రం ముందు వరుసలవారే.

పాఠాంతరం: తిరుగు ప్రయాణంలో ఎండ ముందు డెక్కు మీదికి తిరగగానే అతిథులు కింద ఏసీ గదిలోకి దిగారు. ‘ముందు సీట్లు ఖాళీ, ఎవరైనా రావచ్చు’ అని మైకులో వినబడింది. ఇది ప్రక్షిప్తం.

మరో శంక: లాంచీలో సమానత్వం బొత్తిగా లేదా?
సమాధానం: ఉంది, లైఫ్ జాకెట్టులో. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాక యాత్రలు చాలాకాలం ఆగాయి. ఇప్పుడు జాకెట్టు లేనిదే రేవు వదలరు. ఆ నారింజ రంగులో ఎవరు ఎవరి తాలూకో పోల్చలేం. అందుకే కాబోలు, ఫొటోల కోసం ముందువారు మొదట విప్పేది దాన్నే. వెనక ఒక కుర్రాడు ఉక్క భరించలేక బొత్తం తీస్తే సరంగు గద్దించాడు. ముందువారి వైపు ఆయన తల తిప్పలేదు. నీళ్ళలోకే చూస్తూ నడిపాడు.