వారోత్సవం సరే, తాళంచెవి ఏదీ?

గ్రంథాలయ వారోత్సవాలకని నవంబరు 14 రాగానే మా ఊరి గ్రంథాలయానికి బూజు దులిపారు, మామిడి తోరణం కట్టారు, ఫ్లెక్సీ వేశారు. ఫ్లెక్సీ మీద నాయకుల ముఖాలు పద్నాలుగు. పుస్తకం బొమ్మ ఒక్కటే, అదీ ఎవరి భుజమో అడ్డొచ్చి సగమే కనబడింది. పిల్లలకు ‘పుస్తక పఠనం వల్ల లాభాలు’ మీద వ్యాసరచన పోటీ. మొదటి బహుమతి స్టీలు గిన్నె!

‘‘మంచి పుస్తకం ఏదైనా చెప్పండి సార్’’ అని గ్రంథపాలకుణ్ని అడిగాను. ఆయన, పాపం, మూడు ఊళ్లకు ఇన్‌ఛార్జి. బీరువా వైపు చూసి, ‘‘అందులోవన్నీ మంచివేనండీ. తాళంచెవి పాత సారు దగ్గరుండిపోయింది’’ అంటూ గ్రూప్‌-2 బిట్‌ బ్యాంకు చేతిలో పెట్టారు.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మాత్రం ఠంచనుగా కడుతున్నాం. వసూలు చేసినవాళ్లకు దాన్ని గ్రంథాలయ సంస్థకు జమచేయడమే గుర్తుండదు. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పుస్తకాలు పడవెక్కి కాలువ మీద ఊరూరా తిరిగాయి. ఇప్పుడు పక్క గదిలోకి ఫైలే కదలదు.

20న ముగింపు సభ, శాలువాలు, సమోసాలు. వారం దాటినా తోరణం పచ్చగానే ఉంది. ప్లాస్టిక్‌ది లెండి.