మా బావగారి బేరాలు

మా బావగారికి గన్నవరం దగ్గర ఓ స్థలం ఉంది. ధర రెట్టింపైనప్పుడు అమ్మలేదు, పడిపోయినప్పుడూ అమ్మలేదు. "భూమన్నాక ఓపిక పట్టాలోయ్" అంటారు. కెనడాలో, బ్రాంప్టన్‌లోని వాళ్ళింటి గరాజ్‌లో చెడిపోయిన ప్రింటరు, కాలు విరిగిన కుర్చీ, మా మేనల్లుడి చిన్నప్పటి స్కేట్లు, అన్నీ భద్రంగా ఉంటాయి. అంతటి మనిషి, టొరంటో మేపుల్ లీఫ్స్ ఐస్ హాకీ జట్టులో ఇరవై రెండేళ్ళ డిఫెన్స్‌మన్ ఒక్క పాస్ తప్పిస్తే చాలు, తెల్లారేలోగా వాణ్ణి వేరే ఊరికి అమ్మేస్తారు.

మనసులోనే అనుకోండి. కానీ ఆ బేరం వివరాలు నేను వినాలి. అక్కడ రాత్రి ఏడింటికి మొదలైన ఆట తొమ్మిదిన్నరకి ముగుస్తుంది. చలికాలంలో విజయవాడలో అప్పుడు పొద్దున్న ఎనిమిది. కాఫీ గ్లాసు అందుకోగానే ఫోను మోగుతుంది. కుశలప్రశ్నలుండవు. "ఏమోయ్, వాణ్ణిచ్చేసి ఓ ఫస్ట్ రౌండ్ పిక్ తెచ్చుకుంటే ఎలా ఉంటుందంటావ్?" పిక్ అంటే ఏటా డ్రాఫ్టులో కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే వంతట. ఆ ఇచ్చెయ్యాల్సినవాడెవడో నాకేం తెలుసు? "బాగానే ఉంటుంది బావగారూ" అంటాను. "ఏం బాగు? వాడికింకా ఇరవై రెండేనోయ్!" అని నామీద విరుచుకుపడతారు.

ఇక పెళ్ళిచూపుల నుంచి తిరిగొచ్చిన మేనత్తలా వంకలు మొదలు. "పొడుగున్నాడు, వెనక్కి స్కేటింగ్ చెయ్యలేడు. చెయ్యి మంచిదే, కుదురు లేదు. అన్నీ ఉన్నాయి గానీ కుడివాటం వాడైతే ఎంత బావుండేది!" కుడివాటం డిఫెన్స్‌మన్‌లు ఆ జట్టు ఆడే లీగులో తక్కువ, అందుకే అంత గిరాకీ.

నిజానికది కష్టమైన కొలువు. ముందు ఆడేవాడు తప్పుచేస్తే కాచుకోడానికి వెనక మనుషులున్నారు. డిఫెన్స్‌మన్ తప్పుచేస్తే ఇక గోల్‌కీపర్ ఒక్కడే దిక్కు. పద్దెనిమిదేళ్ళకి డ్రాఫ్టులో ఎంపికైన కుర్రాడు ఆ చోట కుదురుకోవాలంటే రెండు మూడు వందల ఆటలు పడుతుందని ఆ ఆట ఎరిగినవాళ్ళంటారు. సీజన్‌కి ఎనభై పైచిలుకు ఆటలు. అంటే మూడు నాలుగేళ్ళు. గన్నవరం స్థలానికి పట్టిన ఓపిక ముందు ఇదేపాటి?

ట్రేడ్ అయిపోయాక మాత్రం బావగారు వేరే మనిషి. ల్యూక్ షెన్ అనే డిఫెన్స్‌మన్‌ని టొరంటో 2008 డ్రాఫ్టులో ఐదోవాడిగా తీసుకుని, 2012లో ఫిలడెల్ఫియాకిచ్చి జేమ్స్ వాన్ రీమ్స్‌డైక్‌ని తెచ్చుకుంది. "శని వదిలింది" అన్నారు. ఆ షెన్ టాంపా బే జట్టులో చేరి 2020లోనూ, 2021లోనూ లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పు ఎత్తాడు. "మనవాడోయ్!" అని కళ్ళు తుడుచుకున్నారు. 2023 ఫిబ్రవరిలో, ముప్ఫై మూడేళ్ళు నిండాక, టొరంటోయే షెన్‌ని వెనక్కి తెచ్చుకుంది. అదే నెలలో ఇరవై రెండేళ్ళ రాస్మస్ సాండిన్‌ని వాషింగ్టన్‌కి సాగనంపింది. ఆ వారం ఆయన నవ్వుతున్నారో ఏడుస్తున్నారో అక్కకే అర్థం కాలేదట.

అన్నిటికన్నా తీరని దుఃఖం 1989 నాటిది. ఆ ఏడు టామ్ కర్వర్స్ అనే డిఫెన్స్‌మన్ కోసం టొరంటో తన 1991 ఫస్ట్ రౌండ్ పిక్‌ని న్యూజెర్సీకి రాసిచ్చేసింది. దాంతో న్యూజెర్సీ స్కాట్ నీడర్‌మేయర్‌ని పట్టుకుంది. అతనక్కడ మూడు కప్పులు గెలిచాడు. 1989లో బావగారు బెజవాడలో డిగ్రీ చదువుతున్నారు. చెరుకురసం బండి దగ్గర తప్ప ఐసు చూసి ఎరగరు. అయినా ఆ కథ కదిలిస్తే కంచం ముందునుంచి లేచిపోతారు.

మా మేనల్లుడికి ఇరవై నాలుగేళ్ళు. మూడు ఉద్యోగాలు మానేసి ఇంటి బేస్‌మెంటులో ఉంటున్నాడు. "కుదురుకుంటాడులే, టైమివ్వాలి" అంటారు బావగారు. "వీణ్ణీ ఓ ఫస్ట్ రౌండ్ పిక్‌కి ఇచ్చెయ్యరాదూ?" అంటుంది అక్క.

జట్లు ఆటగాళ్ళని మార్చుకునే ట్రేడ్ గడువు మార్చి మొదట్లో వస్తుంది. ఆ రోజుల్లో బ్రాంప్టన్ వెళ్ళే తెలుగువారికో మనవి. బావగారు భోజనానికి పిలిస్తే తప్పక వెళ్ళండి, అక్క గుత్తివంకాయ బ్రహ్మాండంగా చేస్తుంది. కుర్రాళ్ళ పేర్ల చీటీ ముందు పెట్టి సలహా అడిగితే మాత్రం ఎటూ తేల్చకండి. ఉంచమన్నా, అమ్మమన్నా, మజ్జిగన్నంలోకి వచ్చేసరికి అర్ధరాత్రవుతుంది.