కాటా ఎక్కని బండి

సంక్రాంతికి జహీరాబాద్ వచ్చినా లాప్‌టాప్ వదల్లేదు. చెరుకు రైతులకు తూకం, బిల్లు వివరాలు ఫోన్‌కు పంపే ప్రోగ్రాం పైథాన్‌లో రాస్తున్నాను. చెరుకు డబ్బులతోనే చదువుకున్నవాణ్ని, ఈ పనంటే నాకు ప్రాణం.

ఒక రైతు తూకం తెలియాలంటే ముందు అతని ఖాతా పట్టుకోవాలి, అందులోంచి ఈ ఏటి చివరి తూకం చీటీ తియ్యాలి, చీటీలో టన్నులు చూడాలి. ఒక పిలుపు ఇచ్చినదాన్ని పట్టుకుని ఇంకో పిలుపు, అలా గొలుసు. టెస్టు నడిపిన ప్రతిసారీ అసలు డేటాబేస్‌ను కదిలించలేం కనుక దాని స్థానంలో మ్యాజిక్‌మాక్ అనే ఉత్తుత్తి వస్తువును కూర్చోబెడతాం. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచీ మాక్ భాషతో పాటే వస్తోంది. ఏ పేరు పెట్టి పిలిచినా పలకడం దాని గుణం. జవాబుగా ఇంకో మాక్‌నే చేతిలో పెడుతుంది. అందుకే గొలుసులో లంకె లంకెకూ రిటర్న్ వాల్యూ రాసుకుంటూ పోయి, చివర మనకు కావలసిన అంకె తగిలించాలి. అసలు వస్తువును నమూనాగా చూపే ఆటోస్పెక్ వాడితే తప్పుడు పేర్లు పట్టుబడతాయి కానీ, లేని చీటీని అది కూడా పట్టుకోలేదు.

నేను నాయిన పేరే పెట్టి 38 టన్నులు తగిలించాను. టెస్టులన్నీ పాసయ్యాయి.

వెనక నిలబడి చూస్తున్న నాయిన తన పేరు చదువుకున్నాడు.

"ముప్పై ఎనిమిది టన్నులా? ఎవరు తూకమేసిండ్రు?"

"ఎవరూ వెయ్యలే. ఉత్త పరీక్షకు నేనే రాసిన."

"అంటే, బండి కాటా ఎక్కకుంటనే చీటీ రాసిచ్చినవా?"

ఆ మాట గుచ్చుకుంది. మధ్యాహ్నం మాక్ తీసేసి, అసలు రికార్డుల నకలు మీద అదే టెస్టు నడిపాను. రెండో లంకె దగ్గరే తెగింది. నాయిన ఖాతాలో ఈ ఏటి చీటీ లేదు. డేటాబేస్ 'నన్', అంటే ఏమీ లేదని జవాబు ఇచ్చింది, నా ప్రోగ్రాం ఆ 'నన్'నే టన్నులు అడిగి అట్రిబ్యూట్ ఎర్రర్‌తో కూలబడింది.

"నాయినా, రికార్డుల ఏదో తప్పున్నట్టుంది. నీ చీటీ కనిపిస్తలేదు."

"రికార్డు సరిగ్గనే ఉన్నది బిడ్డా. మనకు ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరే రాలే. చెరుకు పూతకొచ్చి చేన్లనే నిలబడ్డది. నెల దినాల సంది నీకు ఫోన్ల చెప్తనే ఉన్న. నువ్వు ఊఁ అంటనే ఉన్నవ్."