అమ్మను ఇంట్లో వదిలి నడిచాను

నడిస్తే దుఃఖం తగ్గుతుందని తమ్ముడు పోయిన కొత్తలో చాలామంది చెప్పారు. పరామర్శకు వచ్చినవాళ్లు తలా ఒక మాట అంటారు కదా, వాటిలో నన్ను పట్టుకున్నది ఇదొక్కటే: "ఇంట్లోనే కూర్చోవద్దు, అట్లా కాస్త దూరం నడిచి రా." మంచి మాటే. ఇప్పటికీ మంచి మాటేనంటాను. దాన్ని నేను వాడుకున్న తీరు గుర్తొస్తేనే తల వాలిపోతుంది.

మాది నంద్యాల. చీకటితోనే లేచి కేసీ కాలువ గట్టు పట్టేవాణ్ని. 1863లో తవ్వకం మొదలై 1870 నాటికి పూర్తయిన కాలువ. ఒకప్పుడు దానిలో పడవలు నడపాలనుకున్నారు. ఇప్పుడు సుంకేసుల దగ్గర మళ్లిన తుంగభద్ర నీళ్లు మళ్లకు పోతుంటాయి. గట్టు కింద వరి, ఒడ్డున తుమ్మచెట్లు, నీళ్లలో ఒంటికాలి మీద కొంగలు. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు ఒక్కటీ చూడలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను. నిన్నటికన్నా ఈరోజు ఎక్కువ అడుగులు పడ్డాయా లేదా, అంతే. ఒళ్లు హూనమయ్యేదాకా నడిస్తే వాడి ముఖం కళ్లముందుకు రాదు. దాన్నే కోలుకోవడం అనుకున్నాను.

నేను బయల్దేరే వేళకే అమ్మ కూడా లేచేది. తమ్ముడు విత్తనాల అంగడి తెరవడానికి పెందలాడే పోయేవాడు. వాడికోసం ఆ వేళకు పొయ్యి వెలిగించడం ఆమెకు ఏళ్లనాటి అలవాటు. వాడు పోయాక కూడా అదే వేళకు మెలకువ వచ్చేది. టీ కాచి, అలవాటుగా రెండు గ్లాసులు కడిగి, రెండోది బోర్లించి, వంటింటి గడప మీద కూర్చునేది. ఆమె పక్కనుంచే చెప్పులేసుకుని వెళ్లిపోయేవాణ్ని.

ఒకనాడు నేను లేచేసరికి అమ్మ చీర మార్చుకుని, రబ్బరు చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడి ఉంది. "నేనూ వస్తా నాయనా, నిదానంగా నడుస్తాలే" అంది.

"నీకు మోకాళ్ల నొప్పులు గదమ్మా, నాతో నడవలేవు" అన్నాను. ఆమె ఇంకేమీ అనకుండా లోపలికి పోయింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

మోకాళ్ల మీద జాలితో అన్న మాట కాదది. ఆమె వస్తే వాడి ఊసెత్తుతుంది. చిన్నప్పుడు కాలువలో దూకి తిన్న దెబ్బలు, చివరి రోజు పొద్దున సగం తిని వదిలేసిన దోసె, అన్నీ చెబుతుంది. వినడానికి నాకు ధైర్యం లేదు. నాన్న ఎప్పుడో పోయాడు. వాడు పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాళ్లం ఆ ఇంట్లో ఇద్దరమే మిగిలాం. ఆ ఇద్దరిలో ఒకరిని గడప మీద ఒంటరిగా వదిలేసి, నా గాయం మాన్పుకోవడానికని రెండోవాడినైన నేను రోజూ ఇల్లు దాటిపోయాను. పోయినవాడు నాకు తమ్ముడైతే ఆమెకు కొడుకు. అంత చిన్న లెక్క నాకు తట్టలేదు.

కార్తీకంలో సంవత్సరీకం పెట్టాం. ఏడాది మైల తీరింది, ఇక కొండ ఎక్కవచ్చు. తమ్ముడు ఏటా శివరాత్రికి నల్లమల దారిన శ్రీశైలం నడిచేవాడు. ఆ నడకతో దుఃఖానికి కూడా సంవత్సరీకం అయిపోతుందని నిశ్చయించుకున్నాను. వాడి స్నేహితులు ఇంటికొచ్చి "అన్నా, మాతో రా" అని పిలిచారు. వాళ్లకంటే ఒకరోజు ముందే ఒంటరిగా బయల్దేరాను. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర చెప్పులు కూడా విడిచేశాను. మొక్కు కాదు. కాళ్లు నొచ్చినకొద్దీ మనసు తేలికవుతుందని ఒక పిచ్చి నమ్మకం.

అది 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉన్న అడవి. ఆ దారిన మామూలు రోజుల్లో పోనివ్వరు, పండగలకు మాత్రం జనానికి వదులుతారు. ఆకు రాలిన కొమ్మలకు మోదుగపూలు, వెదురుపొదల్లో కొండముచ్చులు, ముందూ వెనకా "చేదుకో మల్లన్నా" అని కేకలు. నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర ఎవరో మజ్జిగ ఇవ్వబోతే వద్దన్నాను. పెద్దచెరువు చేరేసరికి అరికాళ్లు బొబ్బలెక్కి అడుగు పడలేదు. అక్కడే చతికిలబడితే, మర్నాటికి తమ్ముడి స్నేహితులు వచ్చి కలిశారు. ఒకబ్బాయి నా కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశాడు. రాత్రి మంట చుట్టూ కూర్చుని తమ్ముడి కబుర్లు మొదలుపెట్టారు. నేను తువ్వాలు ముఖం మీద కప్పుకుని నిద్ర నటించాను. అడవంతా నడిచి వచ్చింది వాడి కోసమే, వాడి మాట చెవిన పడితే మాత్రం ఓర్వలేకపోయాను.

పొద్దున వాళ్ల భుజాల ఆసరాతో భీముని కొలను లోయ దిగి, అవతల కైలాసద్వారం దాకా మెట్లెక్కాను. శ్రీశైలానికి మెట్లు కట్టించినవాడని 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డికి పేరు. అక్కడ ఎక్కడం అంటే మెట్టు మెట్టుకూ ఊపిరి వెతుక్కోవడమే.

శివరాత్రి నాడు గుడి దీపాలన్నీ ఆర్పేసి పాగాలంకరణ చేస్తారు. ఏడాది పొడుగునా రోజుకో మూర చొప్పున నేసిన వస్త్రాన్ని నేతగాడు చీకట్లో దిగంబరుడై విమాన శిఖరం నుంచి నందుల దాకా చుడతాడు. ఆ చీకట్లో నిలబడి ఉండగా నాకు ఒక సంగతి తెలిసింది. అతను ఏ రోజు మూర ఆ రోజు నేశాడు. నేను ఆ ఏడాదిలో ఏ రోజు దుఃఖాన్నీ ఆ రోజు ముట్టుకోలేదు.

అయినా నా మూర్ఖత్వం లోతు తెలిసింది ఇంటికొచ్చాకే. కట్లు కట్టిన కాళ్లతో గడప దాటగానే అమ్మ అడిగిన మొదటి మాట: "భీముని కొలను నీళ్లు తెచ్చినావా?"

ఏ నీళ్లని అడిగాను. వాడు ఏటా ఆ కొలను నుంచి సీసాలో నీళ్లు పట్టి తెచ్చేవాడట. అమ్మ దేవుడి గూట్లో పెట్టుకుని రోజూ చెంచాడు తీర్థం పుచ్చుకునేదట. చివరిసారి తెచ్చిన సీసా అడుగున మిగిలిన కాసిని నీళ్లు వాడు పోయాక ముట్టుకోకుండా దాచింది. అదే ఇంట్లో ఉంటూ నాకు ఈ సంగతి తెలియదు. ఆ గూటి ముందే రోజూ దణ్ణం పెట్టుకున్నాను. పెద్దచెరువు దగ్గర తువ్వాలు తీసి వినుంటే వాళ్లయినా చెప్పేవాళ్లు. ఆ రాత్రి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, వాడు పోయాక మొదటిసారి ఆమె ముందు ఏడ్చాను.

ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరం గట్టు మీదికి పోతున్నాం. వంతెన దాకా కూడా పోలేం. మధ్యలో కల్వర్టు మీద కూర్చుంటుంది. తంగేడు పూస్తే ఆగుతుంది, ఉత్తరేణి కనిపిస్తే తుంచి కొంగున కట్టుకుంటుంది. వాడి మాటలు చెబుతుంది. కొన్ని నాకు తెలిసినవే, మళ్లీ వింటాను. దుఃఖం తగ్గిందని చెప్పను. కొన్ని రోజులు వెళ్లినప్పటికన్నా ఎక్కువ బరువుతో తిరిగివస్తాం. ఆ రోజుల్లో ఇద్దరం అన్నం మాత్రం కలిసే తింటాం.

వచ్చే శివరాత్రికి వాడి స్నేహితులతోనే నడుస్తానని మాటిచ్చాను, చెప్పులతో. మెట్లు అమ్మ వల్ల కాదు. బస్సులో వచ్చి కైలాసద్వారం దగ్గర కూర్చుంటానంటోంది. సీసా వద్దని, నీళ్లు పట్టడానికి రాగి చెంబు ఇప్పుడే తోమి పెట్టింది.