తోడికోడళ్ల ఆకాశం

శామీర్‌పేట నుంచి సికింద్రాబాద్ వైపు వచ్చేవాళ్లకు హకీంపేట దగ్గర జెట్ల మోత కొత్తేమీ కాదు. కుర్ర పైలట్లకు వైమానిక దళం అక్కడే తర్ఫీదు ఇస్తుంది. అసలు మోత మాత్రం రాజీవ్ రహదారి పక్క టీ హోటళ్ల టీవీల్లో వినాలి. 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, చానెళ్లు యుద్ధ సైరన్ల శబ్దాన్ని ఎంతగా మోగించాయంటే, అది వాడొద్దని కేంద్రమే చెప్పుకోవాల్సి వచ్చింది. సైరన్లు సద్దుమణిగినా నిపుణులు సద్దుమణగలేదు. విమానం, క్షిపణి, రాడార్, ఉపగ్రహం అన్నీ రెప్పపాటులో మాట్లాడేసుకుంటాయట. తెరమీద నీలిగీతలు ఎర్రగీతల్ని తాకగానే శత్రువు కథ కంచికి వెళ్లినట్టే. యాంకర్ ఆ ఊపులో "హైస్పీడ్" అనే మాటను వాక్యానికి ఒకసారి చొప్పున వడ్డిస్తాడు.

ఆ స్పీడెంతో చూద్దాం. నాటో దేశాల విమానాలు ఇప్పటికీ నమ్ముకున్న లింక్-16 అనే రేడియో సమాచార వ్యవస్థ డెబ్బైల నాటి ఆలోచన. మామూలుగా దాని వేగం సెకనుకు 115 కిలోబిట్లు దాటదు. శామీర్‌పేట చెరువు గట్టున కూర్చుని రీల్స్ చూసే కుర్రాడు అంత నెమ్మదైన ఫోన్‌ను చెరువులోకి విసిరేస్తాడు. యుద్ధవిమానానికి అది సరిపోతోందంటే కారణముంది: దానికి సినిమా అక్కర్లేదు, నాలుగు అంకెలు చాలు. లక్ష్యం ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఎటు పోతోంది, ఎంత జోరుగా పోతోంది. ఈ కబురు శత్రువు చెవిన పడకుండా, వాడు రేడియోలో ఎంత గోల చేసినా చెదరకుండా చేరాలి. కష్టమంతా అక్కడే.

మన అస్త్ర సంగతే తీసుకోండి. డీఆర్‌డీఓ రూపొందించిన ఈ క్షిపణిని తయారుచేసేది హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్. 2022 మే 31న రక్షణ శాఖ రూ. 2,971 కోట్ల ఒప్పందం రాసుకుంది కూడా. 154 కిలోల ఈ క్షిపణి రెక్క వదిలాక మొదట తన లెక్క ప్రకారం తాను పోతుంది. ఈలోగా లక్ష్యం పక్కకు తిరిగితే విమానం రాడార్ కనిపెట్టి, రేడియో కబురుతో దాన్ని సరిదిద్దుతూ ఉంటుంది. చివరి దశలో క్షిపణి తన కళ్లు తానే తెరుస్తుంది. అందమైన ఏర్పాటే. అయితే విమానం, రాడార్, క్షిపణి ముగ్గురూ ఒకే సంకేత భాషకు ఒప్పుకోవాలి. తేజస్ నుంచి అస్త్రను తొలిసారి వదిలింది 2023 ఆగస్టు 23న, గోవా తీరాన. విమానమూ మనదే, క్షిపణీ మనదే అయినా ఆ ముహూర్తానికి ఏళ్లు పట్టింది.

ఇక మన వైమానిక దళం సంతలో రష్యా సుఖోయ్, ఫ్రాన్స్ మిరాజ్, రఫేల్, బ్రిటన్‌తో కలిసి ఫ్రాన్స్ చేసిన జాగ్వార్, స్వదేశీ తేజస్ పక్కపక్కనే నిలబడి ఉంటాయి. కొన్నప్పుడు ఎవరి పెట్టె వారిదే, ఎవరి తాళం వారిదే. అమెరికా అయితే 2018 సెప్టెంబర్ 6న కామ్‌కాసా ఒప్పందం మీద సంతకం పడేదాకా తన రహస్య రేడియో పరికరాలు ఇవ్వలేదు. అంతకుముందు కొన్న పీ-8ఐ, సీ-130జే విమానాలకు బజారులో దొరికే సరుకు బిగించి పంపింది. కోట్లకు కోట్లు పోసి ఇల్లు కొన్నా తాళంచెవి పాత యజమాని దగ్గరే ఉందన్నమాట.

తాళం సంగతి పక్కన పెట్టినా మీట సంగతి ఉంది. 2019 ఫిబ్రవరి 27న శ్రీనగర్ దగ్గర మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వైమానిక సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద తప్పేనని ఆ అక్టోబర్‌లో వైమానిక దళాధిపతి భదౌరియా ఒప్పుకున్నారు. హెలికాప్టర్‌లో మనవాళ్లా కాదా అని చెప్పే పరికరం ఆపేసి ఉందని విచారణపై వచ్చిన వార్తలు చెప్పాయి. ఇక్కడ వేగం చేయగలిగిందేమీ లేదు. స్టూడియో గ్రాఫిక్స్‌లో ఈ మీటకు చోటే ఉండదు.

హకీంపేట జనానికి మరో వేగమూ తెలుసు. ఇదే రహదారి మీద శామీర్‌పేట దాకా పై వంతెన కట్టేందుకు రక్షణ భూమి కావాలని రాష్ట్రం ఏళ్ల తరబడి ఢిల్లీకి ఉత్తరాలు రాసింది. అనుమతి 2024 మార్చిలో వచ్చింది, ఆ నెల 7న శంకుస్థాపన జరిగింది. మిల్లీసెకన్ల లెక్క చెప్పేవాళ్లు ఈ రహదారి ట్రాఫిక్‌లో ఒక్క సాయంత్రం గడిపితే బాగుండును.

అమెరికాను ఆదర్శమని చూపేవాళ్ల కోసం మరో ముచ్చట. ఎఫ్-22, ఎఫ్-35 రెండూ లాక్‌హీడ్ మార్టిన్ ఇంటివే. అయినా వాటి రహస్య లింకులు వేర్వేరు, ఆ లింకుల మీద నేరుగా ఒకదాని మాట మరొకదానికి అందదు. తోడికోడళ్లు మాటలు మానేసి, గుమ్మంలో ఆడుకునే పిల్లాడితో కబుర్లు పంపుకున్నట్టు మధ్యవర్తి కావాల్సి వచ్చింది. 2020 డిసెంబర్‌లో అరిజోనాలో వాల్కిరీ డ్రోన్‌ను ఆ పిల్లాణ్ణి చేశారు. అది ఎగిరిన కాసేపటికే కనెక్టర్లు వదులై మూగబోయింది. 18 పరీక్షా లక్ష్యాల్లో 9 మాత్రమే నెరవేరాయి. మరుసటి ఏడాది ఆ రాయబారం యూ-2 గూఢచారి విమానానికి దక్కింది. ఆ రకం విమానం తొలిసారి ఎగిరింది 1955లో! ఎంతో ఖరీదైన రెండు విమానాల మధ్య దుబాసీ పని ముసలి గూఢచారికి పడింది. అక్కడ డబ్బుకు కొదవ లేదు, వేగానికీ కొదవ లేదు. పోటీ టెండర్లకూ, ఎవరి సాఫ్ట్‌వేర్‌ను వారే దాచుకునే అలవాటుకూ అంతకన్నా కొదవ లేదు.

నీలిగీతలు గీసే నిపుణుణ్ణి ఈసారి యాంకర్ రెండు ప్రశ్నలు అడిగితే చాలు. రఫేల్ రెక్క కింద అస్త్ర తగిలించాలంటే ఎవరి అనుమతి అడగాలి? రేపు లింకులో ఒక సందేశం మార్చాల్సి వస్తే ఆ కోడ్ ఎవరి బీరువాలో ఉంది? హైదరాబాద్‌లోనే సాఫ్ట్‌వేర్ రేడియోలు తయారవుతున్నాయి, వాటిలో కొన్ని ఇజ్రాయెల్ రఫాయెల్ కంపెనీ భాగస్వామ్యంతో. అదే రెండో ప్రశ్న వాటి మీదా వేయొచ్చు. జవాబు రెప్పపాటులో రాకపోయినా ప్రేక్షకులు ఆగుతారు.