దల్మా బాబాయి

జంషెడ్‌పూర్‌లో కదమా, టెల్కో, గోల్మురి లాంటి చోట్ల తెలుగువాళ్ళ ఇళ్ళు నాలుగు ఉన్నాయంటే అందులో ఒక దల్మా బాబాయి ఉంటాడు. వయసు యాభై అయిదుకీ డెబ్బైకీ మధ్య. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కార్ఖానా పనికి వచ్చాడు, తండ్రి అందులోనే రిటైరయ్యాడు, తనూ అంతే. కాలనీ జనాన్ని ఏటా కొండకి తీసుకెళ్ళి సేదతీర్చే బాధ్యత ఆయనకి ఎవరూ అప్పగించలేదు. లాక్కోడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు కనక ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఆ కొండ దల్మా. సుమారు 3,000 అడుగుల ఎత్తు. పైన శివుడి గుహ, హనుమంతుడి గుడి. చుట్టూ ఏనుగులకి పేరుపడ్డ అభయారణ్యం. కింద డిమ్నా చెరువు, ఊరికి నీళ్ళిచ్చే జలాశయం. టిఫిను కట్టుకుని పొద్దున్న వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. బాబాయి చేతిలో పడితే మాత్రం అది బ్లాస్ట్ ఫర్నేసు షట్‌డౌన్ అంత పనవుతుంది.

ఇందుకు ఆయన్ని ఒక్కణ్ణే అనడానికి లేదు. టాటా కంపెనీ ఎనిమిది గంటల పనిదినం 1912లోనే పెట్టింది. దేశంలో చట్టం వచ్చింది 1948లో. జీతంతో సెలవు 1920 నుంచే ఇచ్చింది. విశ్రాంతిని కూడా గడియారం చూసి పంచిన ఊళ్ళో మూడు తరాలు పెరిగాక, సేదతీరడం డ్యూటీలాగే కనిపిస్తుంది.

డిసెంబరు మొదటి వారంలో బాబాయి నోటుపుస్తకం తీస్తాడు. పెద్దలకి ఇంత, పిల్లలకి అందులో సగం, అయిదేళ్ళ లోపు వాళ్ళకి ఉచితం. మూడేళ్ళుగా నాలుగేళ్ళ వయసులోనే ఉండిపోయిన ఒక కుర్రాడి గురించి ఏటా తగవు జరుగుతుంది. బస్సు ఆరింటికంటే ఆయన అయిదింటికే తలుపులు బాదుతాడు: "ఏటర్రా, ఇంకా లెగలేదా? ఏ షిఫ్టోళ్ళు గేటు కాడికి ఎలిపోనారు!" ఆపాటికి పిన్నికి సీ షిఫ్టు అయిపోవస్తుంటుంది. రాత్రంతా చింతపండు పులుసు మరిగించి, అరవై మందికి పులిహోర కలిపి, గారెల పిండి రుబ్బి, బస్సెక్కగానే కిటికీకి తల ఆనించి నిద్రపోతుంది. ఆ విహారయాత్రలో నిజంగా సేదతీరే మనిషి ఆవిడే, అదీ డిమ్నా వచ్చేవరకే.

అభయారణ్యంలో పొయ్యి పెట్టకూడదు. అందుకని కట్టిన పొట్లాలు కొండమీదికి, మటన్ డేక్సా చెరువుగట్టుకి. మాకులకోచా గేటు దగ్గర బాబాయి గార్డుతో పావుగంట హిందీ మాట్లాడతాడు. క్రియలు హిందీవి, యాస టెక్కలిది. ఆ గేటు దగ్గరే అటవీశాఖ పెంచిన రజని అనే ఏనుగు ఉంటుంది. గున్నగా ఉన్నప్పుడు మంద నుంచి తప్పిపోయింది. ఏటా అక్టోబరులో దాని పుట్టినరోజు కూడా చేస్తారు. బాబాయి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, దల్మా అడవిలో ఏనుగు తన చేతిలో అరటిపండు తీసుకుందని బంధువులకి చెప్తాడు. అబద్ధమేమీ లేదు. కేకు సంగతి చెప్పడు, అంతే.

ఎక్కడం మొదలైన రెండో మలుపులో ఆగి, ఆయాసం కనిపించకుండా చుట్టూ చూసి, "ఇదేటి కొండ బాబూ! మన సింహాచలం ముందు ఇదెంత!" అంటాడు. సింహాచలం కోవెల ఉన్న ఎత్తు ఇందులో మూడో వంతుకి మించదు. ఆ లెక్క పైకి చెప్పినవాడికి మధ్యాహ్నం మటన్‌లో బంగాళాదుంపలే పడతాయి.

1984లో బచేంద్రీ పాల్ ఎవరెస్టు ఎక్కారు. అదే ఏడు టాటా స్టీల్ పెట్టిన అడ్వెంచర్ ఫౌండేషన్‌కి చాలా ఏళ్ళు ఆవిడే సారథిగా ఉన్నారు. సర్వీసులో ఉండగా బాబాయి కూడా ఒక క్యాంపుకి వెళ్ళి, ఆవిణ్ణి పదడుగుల దూరం నుంచి చూశాడు. అప్పట్నుంచీ పర్వతారోహణ గురించి ఎవరు మాట్లాడినా "మేడమ్‌గారి క్యాంపులో మేం..." అని మొదలెడతాడు. పిన్ని ప్రేమలతా అగర్వాల్ పేరెత్తుతుంది. ఆవిడ ఈ ఊరి గృహిణి. దల్మా ఎక్కే పోటీలో పాల్గొన్నాక కొండల దారి పట్టి, 2011లో 48వ ఏట ఎవరెస్టు ఎక్కింది. "పులిహోర ఇంకోళ్ళు కలిపితే నేనూ ఎక్కుదును" అంటుంది పిన్ని. బాబాయి అప్పుడు మంచినీళ్ళ డబ్బా మూత సరిచూడ్డానికి వెళ్తాడు.

భోజనాలయ్యాక కళాకార్యక్రమం. బాబాయి గొంతు మంచిదే. అయితే ఆయనకి వచ్చినవన్నీ హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలు. కడుపునిండా తిని, నీలంగా మెరిసే నీళ్ళ ఎదట కూచున్న జనం శ్మశానం గురించి అరగంట వినాలి. రాగం తీస్తున్నప్పుడు పక్క పిక్నిక్ వాళ్ళు తమ స్పీకరు కట్టేసి, ఎవరికైనా ఏమైనా అయిందేమోనని చూడ్డానికి వస్తారు.

స్థానిక కళలంటే ఆయనకి గౌరవమే. ఛౌ నాట్యం 2010లో యునెస్కో జాబితాకెక్కిందని చెప్తాడు. సరాయికేలా ఛౌ ముఖోటాలు (మాస్కులు) నెమ్మదిగా, పురూలియావి ఆర్భాటంగా ఉంటాయని, మయూర్‌భంజ్‌లో ముఖోటాయే ఉండదని వివరిస్తాడు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. ఒక ఏడు అయోధ్యా కొండలకి వెళ్ళి, ముఖోటాలు చేసే చరిదా ఊళ్ళో మహిషాసురుడి మొహం బేరమాడి తెచ్చాడు. ఇప్పుడది ఆయన గుమ్మం మీద దిష్టిబొమ్మ. ధల్భూమ్‌గఢ్ దగ్గర అమాడుబీలో పైట్కార్ చిత్రకారుడు పొడుగాటి బొమ్మల చుట్ట విప్పి కథ పాడుతుంటే చివరిదాకా శ్రద్ధగా విని, వెంకటేశ్వరస్వామిది ఉందా అని అడిగాడు.

నోటుపుస్తకంలో రెండు నుంచి మూడు వరకు విశ్రాంతి అని రాసి ఉంటుంది. అందరూ జంబుఖానాల మీద వాలతారు. బాబాయి వాలడు, ఎవరు పడుకోలేదో చూస్తూ తిరుగుతాడు. మూడింటికి విజిల్ వేస్తాడు.

తర్వాతి ఆదివారం లెక్క చదువుతాడు. పైసాతో సహా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో సంఘానికి కొత్త టార్పాలిన్ కొనాలని తీర్మానం. ప్రతిపాదించేదీ బలపరిచేదీ ఆయనే. టార్పాలిన్ కొన్నారు. ఆరునూరైనా వచ్చే డిసెంబరు దాకా అది బాబాయి స్కూటర్ మీదే ఉంటుంది.