వాసాల లెక్క

మా బాబాయి 31 ఏళ్లు ఒకే కంపెనీలో అకౌంట్స్ చూశాడు. రిటైరైన రోజున శాలువా కప్పి, ఓ గోడ గడియారం చేతిలో పెట్టి పంపారు. అది ఆగిపోయి చాలా కాలమైంది గాని, బాబాయి నీతి మాత్రం ఆగలేదు: "తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదురా." లెక్కపెట్టడమే కదా బాబాయ్ నీ ఉద్యోగం అంటే, "పెట్టమన్నంతవరకే!" అంటాడు.

అలాంటి మనిషి 2009 జనవరి 7న టీవీ ముందు కూలబడ్డాడు. పీఎఫ్ డబ్బులో కొంత సత్యం కంప్యూటర్స్ షేర్లలో పెట్టాడు మరి. పేరులోనే సత్యం ఉంది, పైగా ముందటి సెప్టెంబరులోనే సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. ఇంకేం కావాలి? ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు గారే ఉత్తరం రాశారు. వాసాల సంగతి దేవుడెరుగు, ఇంటికి కప్పే లేదు.

"యాభై వేలమంది ఉద్యోగులు కదరా, ఒక్కడికీ నోరు లేదా?" అని బాబాయి ఒకటే గోల. వాసాలు లెక్కపెట్టకూడదన్న బాబాయే!

నోరుంది. 2008 డిసెంబరులో ఎవరో మారుపేరుతో ఒక స్వతంత్ర డైరెక్టరుకు మెయిల్ పంపారు. అది ఫార్వర్డ్ అవుతూ ఉండగానే, మూడు వారాల్లోపే, రాజుగారి ఉత్తరం వచ్చేసింది. పులి మీద ఎక్కాను, దిగితే తినేస్తుందన్నట్టు రాసుకున్నారాయన. పులికి ఇన్నాళ్లూ మేత ఎవరిదో మాత్రం రాయలేదు.

ఉప్పు తిన్న విశ్వాసం అంటారు. ఒప్పుకుందాం. కానీ ఆ ఉప్పెవరిది? అప్పటికి ప్రమోటర్ల వాటా నూటికి పది కూడా లేదు. మిగతా ఉప్పంతా బాబాయి లాంటివాళ్లదీ, ఎల్‌ఐసీ లాంటి సంస్థలదీ. లెక్కప్రకారం ఉద్యోగి విశ్వాసం బాబాయికి చెందాలి. ఏం చేస్తాం, ఇంక్రిమెంటు కాగితం మీద సంతకం బాబాయిది కాదు.

సర్కారు ఉప్పు కథ వేరు. స్వర్ణ చతుర్భుజి రోడ్లలో అక్రమాలున్నాయని ఇంజనీరు సత్యేంద్ర దూబే ప్రధానికి రాశాడు. నా పేరు బయటపెట్టకండి అని కూడా రాశాడు. పేరు ఫైలుతోపాటే ఊరేగింది. 2003 నవంబరులో గయలో ఆయన్ని కాల్చి చంపారు. దోపిడీ దొంగల పనేనని సీబీఐ తేల్చింది. ఆ తర్వాత పదకొండేళ్లు ఆలోచించి, 2014లో ఇలాంటివాళ్ల రక్షణకు చట్టం చేశారు. రాష్ట్రపతి సంతకమూ అయింది. ఏ రోజు నుంచి అమలో చెప్పే నోటిఫికేషన్ కోసం మాత్రం ఏళ్ల తరబడి ఎదురుచూపులే. పెళ్లయింది గాని పిల్లని కాపురానికి పంపలేదన్నమాట. పేరు రాయని ఫిర్యాదును ముట్టుకోరట అందులో. తెలిసీ అబద్ధం రాస్తే రెండేళ్ల దాకా జైలట. ప్రైవేటు కంపెనీల గొడవ దానికసలు పట్టదు.

వాటికి 2013 కంపెనీల చట్టం ఉందిలెండి. లిస్టెడ్ కంపెనీల్లో ఉద్యోగులు నిర్భయంగా చెప్పుకునే ఏర్పాటు ఉండాలి. మా మిత్రుడి ఆఫీసులో పెట్టె పెట్టారు. సరిగ్గా సీసీ కెమెరా కింద.

ఇప్పుడు బాబాయి వాళ్ల కాలనీ సంఘానికి కోశాధికారి. మొన్న ఉగాదికి వెళ్లాను. పిన్ని బొబ్బట్లు వడ్డించింది, నెయ్యి ధారగా పోసింది. తింటూ తింటూ, నీళ్ల ట్యాంకు రంగులకు 84 వేలయిందట, రంగేదీ కనపడలేదే అన్నాను.

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నా విస్తరి వంక చూశాడు.

"ఇంకో బొబ్బట్టు వెయ్యమంటావురా?"

"రెండు వెయ్యమను బాబాయ్," అన్నాను.